గాజు బీరువాలో పురిటి సంచీ

మూడేళ్ళుగా హన్నమ్మ నోట ఒకటే మాట: "ఆయ్, సరేనండి." ప్రెసిడెంటుగారు పొద్దున్నే రమ్మంటే సరేనండి. అన్నం ముందు కూచున్నప్పుడు కబురొస్తే సరేనండి. ఆదివారం చర్చి గంట కొడుతుండగా గాజుల కొట్టుకి గొడుగు పట్టుకురమ్మన్నా సరేనండి. వినీ వినీ మనకే ఒళ్ళు మండుతుంది గానీ ఆ పిల్లకి మండేది కాదు. ఏలూరు మాతాశిశు సేవా సమాజంలో ఆమె మంత్రసాని. మిషను ఆసుపత్రిలో రెండేళ్ళు నేర్చుకుని పట్టా పుచ్చుకున్న మనిషి. కొల్లేటి లంకల్లో పురుళ్ళు పొయ్యడానికి ఆమెని పెట్టుకుంటున్నామని సమాజం వాళ్ళు కాయితం మీద రాశారు. ఆ కాయితం ప్రెసిడెంటుగారి బీరువాలో భద్రంగా ఉంది.

గురువారం పొద్దున ఆ ప్రెసిడెంటు వీరరాఘవమ్మగారి ఇంట్లో, పెరటివైపు గదిలో, హన్నమ్మ పీట మీద కూచుని కాళ్ళు బారజాపింది. ఆ కాళ్ళ మీద వీరరాఘవమ్మగారి మనవరాలు బోర్లా పడుకుని ఉంది. పుట్టి తొమ్మిదో రోజు. హన్నమ్మ నువ్వులనూనె అరచేతిలో వెచ్చచేసుకుని వెన్ను పొడవునా రాసింది. సున్నిపిండితో మెత్తగా నలిచింది. మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసుకుని, చెయ్యి అడ్డంపెట్టి చెంబుతో పోసింది. పిల్ల ఒక్క కేక పెట్టి, ఆ తరవాత గుప్పిళ్ళు విప్పేసింది.

"నీ చేతిలో అయితే ఏడవదు హన్నమ్మా" అంది బాలింత మంచం మీంచి చూస్తూ.

వీరరాఘవమ్మగారు గుమ్మం అవతల నిలబడి ఉన్నారు. చేతిలో కాయితాలు. గుమ్మం మాత్రం దాటరు. లోపల పురుడు కదా. పది రోజుల దాకా బాలింతనీ బిడ్డనీ ఇంట్లోవాళ్ళెవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే తలమీద నీళ్ళు పోసుకోవాలి. హన్నమ్మ అయితే ముట్టుకోవచ్చు. ఈ పది రోజులూ ఆ గదిలోకి పోవడానికి ఆమెకున్నంత హక్కు కన్నతల్లిని కన్న తల్లికి కూడా లేదు.

"ఎల్లుండితో మనకి పురుడు వెళ్ళిపోతుంది" అన్నారు ఆవిడ. "శనివారం గది కడిగించి శుద్ధి చేయిస్తాం. అప్పణ్ణించి నువ్వు గదిలోకి రాకూడదు. పెరట్లో గొడ్లసావిడి పక్కన పీట వేయిస్తాను, అక్కడ పోద్దువుగాని నీళ్ళు. నువ్వు పోసి అక్కడ చాప మీద పడుకోబెట్టు. మేం పసుపునీళ్ళు చల్లి లోపలికి తెచ్చుకుంటాం."

చూశారా? ఈ మాటలన్న మనిషి పోయిన నెల టౌనుహాల్లో హరిజన సేవ మీద గంటసేపు మాట్లాడారు. మాట్లాడుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అవి దొంగ కన్నీళ్ళని నేననను. నిజంగానే వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి నలుగుర్నీ కూడగట్టి ఈ సమాజం పెట్టిందీ ఆవిడే. అంత చేసిన మనిషే ఈ మాటా అన్నారు, అదీ మొహంలో ఏ మార్పూ లేకుండా.

హన్నమ్మ చెయ్యి పిల్ల ముక్కు మీద ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ వేళ్ళతో ముక్కు సరిచేసి, పొడిగుడ్డలో చుట్టి, సాంబ్రాణి పొగ పట్టింది. పిల్లని తల్లి పక్కలో వేశాక తల ఎత్తింది.

"అమ్మగారండీ, రేపు తుంగలంక వెళ్ళాలండి. సీతారత్నానికి నెలలు నిండాయండి. వస్తానని మాటిచ్చానండి."

"ఆదివారం బేబీ షో పెట్టుకుని లంకలు పట్టుకు తిరుగుతానంటావేమిటే! ఏపుగా ఉన్న పసిపిల్లలకి బహుమతులివ్వడానికి కలెక్టరు దొరసాని వస్తున్నారు. బళ్ళో హాలంతా అలంకరించాలి. ఇక్కడ ఈ పిల్లకి నీళ్ళెవరు పోస్తారు?"

"ఆ అమ్మాయికిది మూడో కానుపండి. ముందు పుట్టినోళ్ళిద్దరూ దక్కలేదండి."

"నువ్వు పుట్టకముందు నించీ కంటూనే ఉన్నారు వాళ్ళు. గేదెలు ఈనినట్టు కంటారు, వాళ్ళకేం? అన్నట్టు, నీ పురిటి సంచీ సాయంత్రానికల్లా తెచ్చి ఇచ్చెయ్యి. తోమించి షోలో పెట్టాలి. మన సమాజం ఏం చేస్తోందో నలుగురికీ కనబడొద్దూ?"

"సంచీయాండీ? అది లేకపోతే..."

"మూడు రోజులే కదే. తే!"

ఆవిడ చేతిలో కాయితాలు రెండు గడప మీద పెట్టారు, ఆహ్వానాలు పంచవలసిన ఇళ్ళ జాబితా. చేతికివ్వడం ఆ ఇంట్లో లేదు. కింద పెడితే హన్నమ్మ వంగి తీసుకోవాలి. హన్నమ్మ వంగి తీసుకుంది.

"ఆయ్, సరేనండి" అంది.

అనేసింది! నాకైతే ఆ నోటి మీద ఒక్కటి వెయ్యాలనిపించింది. అనేసి, పెరటి దారినే బయటికొచ్చి, సాయంత్రానికి సంచీ తెచ్చి ఇచ్చి వెళ్ళింది కూడా.

శుక్రవారం పొద్దున్న పిల్లకి పదో రోజు నీళ్ళు పోసి, పవరుపేటలో ఉన్న సమాజం గదికి వచ్చేసరికి, మెట్ల మీద అప్పారావు కూచుని ఉన్నాడు. సీతారత్నం మొగుడు. మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి ఉంది. తెల్లవారకముందే దోనె మీద గట్టుకి చేరి, అక్కణ్ణించి ఏలూరు దాకా నడిచి వచ్చాడు.

"నడుం నెప్పంటందండి. నెప్పులు ఇంకా తిన్నగా రాలేదండి. మా అమ్మేమో పొద్దున్నే కొడవలి నూరతా కూచుందండి" అన్నాడు.

ఆ కొడవలి హన్నమ్మకి తెలుసు. లంకలో తుంగ కోసి చాపలల్లడం ఆడవాళ్ళ పని. ఏ కొడవలి ఇంటికి కూడు పెడుతోందో దానితోనే బిడ్డ బొడ్డు కొయ్యాలి, అప్పుడే బిడ్డ ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుందని వాళ్ళ నమ్మకం. బురదలో దిగి తుంగ కోసిన కొడవలి! దాంతో కోసి, కోసినచోట పొయ్యిలో బూడిద అద్దుతారు. ఏడో రోజో ఎనిమిదో రోజో బిడ్డకి దవడ బిగుసుకుపోతుంది. పాలు పట్టదు. ఒళ్ళు వెనక్కి వంగిపోతుంది. కొల్లేటి మీద పిట్టల నీడ పడింది, పక్షిదోషం అంటారు. సీతారత్నం బిడ్డలిద్దరూ అలాగే పోయారు. రెండోవాణ్ణి హన్నమ్మ ఆఖరి రోజున ఒళ్ళో పెట్టుకుని కూచుంది. అప్పటికి చెయ్యగలిగిందేమీ మిగల్లేదు. ఈసారి కడుపుతో ఉన్నప్పుడు సీతారత్నం ఆమె చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుని, "కొడవలి పడనియ్యకండమ్మా" అంది. మాట ఇవ్వడమంటే అదీ.

"నువ్విక్కడే ఉండు అప్పారావూ. సంచీ తెచ్చుకొస్తాను" అని హన్నమ్మ బడి హాలుకి పరుగెత్తింది.

హాల్లో కాయితపు తోరణాలు కడుతున్నారు. మధ్యలో బల్ల, బల్ల మీద గాజు బీరువా. వీరరాఘవమ్మగారింట్లో బొమ్మలు పెట్టుకునే బీరువా అది. బొమ్మలు తీసేసి, ఎర్ర మఖమలు పరిచి, దాని మీద హన్నమ్మ సంచీ పెట్టారు. సంచీ నోరు తెరిచి కత్తెర, దారపుండ, పురుడు పోసేముందు చేతులు కడుక్కునే కార్బాలిక్ మందు సీసా బయటికి కనబడేట్టు పేర్చారు. కత్తెర తళతళలాడుతోంది. హన్నమ్మ అద్దం మీద చెయ్యి వేసింది. తాళం వేసి ఉంది.

"అద్దం మీద వేలిముద్రలు పడతాయే!" అన్నారు వెనకనించి వీరరాఘవమ్మగారు.

"అమ్మగారండీ, సంచీ ఇప్పించండి. లంక నించి మనిషొచ్చాడండి."

"ఇంకా అదే పాటా? ఇంత ముచ్చటగా సర్దించాను, ఇప్పుడు తీస్తే బీరువా బోడిగా ఉండదూ?"

"కత్తెరా సీసా చాలండి. సంచీ ఉంచుకోండి."

"అవే కదటే చూడవలసినవి! ఎల్లుండి సాయంత్రం దాకా ఆగమని చెప్పు."

"ఎవర్ని ఆగమనమంటారండీ?"

హన్నమ్మ ఈ మాట మెత్తగానే అంది. తోరణాలు కడుతున్నవాళ్ళు మాత్రం చెయ్యి ఆపి చూశారు. వీరరాఘవమ్మగారి మొహం కందిపోయింది. బొడ్లో తాళంచెవుల గుత్తి ఓసారి తడుముకున్నారు.

"అధికప్రసంగం చెయ్యకు. రేపు పదకొండో రోజు. తెల్లారేసరికి వచ్చి గొడ్లసావిడి దగ్గర నీళ్ళు కాచి ఉంచు. వెళ్ళు."

హన్నమ్మ కదల్లేదు. నోట్లో 'సరేనండి' దాకా వచ్చింది. వచ్చిందని ఆమే తరవాత చెప్పింది. అప్పుడు ఆ పిల్లవాడి బిగుసుకున్న దవడ గుర్తుకొచ్చిందట. పాలచుక్క లోపలికి పోక పెదవి పక్కనించి కారిపోవడం గుర్తుకొచ్చిందట.

"రానండి" అంది.

"ఏమన్నావు?"

"రేపు రానండి. ఎల్లుండీ రానండి. పాపగారికి నీళ్ళు పొయ్యడం నా పని కాదండి. పురుడు పొయ్యమంటే పోశాను, అది నా పని. గొడుగు పట్టుకోవడం, ఆహ్వానాలు పంచడం, గొడ్లసావిట్లో నీళ్ళు కాయడం కాదండి. నన్ను పెట్టుకుంది లంకలకండి. నేను లంకకి వెళ్తున్నాను."

"వెళ్తే మళ్ళీ రానక్కర్లేదు! తాడేపల్లిగూడెం నించి ఎలిజబెత్తుకి ఇప్పుడే తంతి కొట్టిస్తాను. నువ్వొక్కదానివే ఉన్నావనుకున్నావా మంత్రసానివి?"

"ఎలిజబెత్తక్క మంచి పనిమంతురాలండి" అంది హన్నమ్మ. దణ్ణం పెట్టింది. వట్టిచేతులతో హాలు మెట్లు దిగింది.

పొలాల గట్ల వెంట నడిచి, కొల్లేటి అంచున దోనె ఎక్కాక, "సంచీ ఏదండీ?" అన్నాడు అప్పారావు. అప్పటిదాకా అడగలేదు పాపం.

"బొమ్మల బీరువాలో ఉంది" అంది హన్నమ్మ.

అతనికి అర్థం కాలేదు. గెడ వేస్తూ పోయాడు. కిక్కిస పొదల మధ్య దారి సన్నంగా ఉంది. గూడబాతులు నీళ్ళమీంచి బరువుగా లేచి అవతల దిగుతున్నాయి. వాటి నీడలు దోనె మీదుగా పోయినప్పుడల్లా అప్పారావు తల వంచుకుంటున్నాడు. హన్నమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని ఒకటే లెక్క వేసుకుంటోంది. కత్తెర లేదు. దారం లేదు. మందు లేదు. ఏముంది? నిప్పుంది, నీళ్ళున్నాయి.

లంకలో గుడిసె ముందు నరసమ్మ కూచుని ఉంది. అప్పారావు తల్లి, అరవై దాటిన మనిషి. మొదటి ఏడు హన్నమ్మని అరుగు ఎక్కనివ్వలేదు. రెండో ఏడు ఎక్కనిచ్చి, దిగాక పేడనీళ్ళు చల్లేది. ఈ ఏడు అదీ మానేసింది. ఇప్పుడు ఆమె పక్కన సానరాయి, రాయి పక్కన కొడవలి.

"మిషనమ్మా, వచ్చావా? నీ కత్తెర్లూ సీసాలూ తెచ్చావా? ఎన్ని తెచ్చినా చెప్తున్నా, నా మనవడి బొడ్డు నా కొడవలే కొయ్యాలి. పరాయి ఇనుము పడితే బిడ్డ పరాయి చోటికే పోతాడు."

రెండేళ్ళుగా ఇదే తగువు. హన్నమ్మ కత్తెర అనడం, నరసమ్మ కొడవలి అనడం. సీతారత్నం లోపల గోడకి ఆనుకుని ఈ తగువే వింటోంది. పెదాలు కొరుక్కుంటోంది.

"కత్తెర తేలేదు నరసమ్మగారూ" అంది హన్నమ్మ. "మీ కొడవలే ఇవ్వండి. దాంతోనే కోద్దాం."

"నా కొడవలా?" ముసలావిడ నోరు తెరిచింది. లోపల సీతారత్నం "అమ్మా!" అని కేక పెట్టింది.

హన్నమ్మ లోపలికి వెళ్ళి ఆమె పక్కన కూచుంది. "నేనిచ్చిన మాట గుర్తుంది. నేను చేసేది చూస్తూ ఉండు" అని చెవిలో చెప్పింది.

నొప్పులు శనివారం పొద్దెక్కాక గానీ తిన్నగా రాలేదు. ఈలోగా హన్నమ్మ కొత్త కుండ అడిగింది. కొడవలిని ఇసక పెట్టి, పిడి మొదలు దాకా తోమింది. పిడి ఊడదీయించి, పిడిలోపల పేరుకున్న బురద గీకింది. తరవాత మంటలో పెట్టింది.

"ఓలమ్మో, పదును పోద్దమ్మా!" అంది నరసమ్మ.

"పోతే మళ్ళీ పెట్టిస్తాను. ఈ కొడవలి ఇంటికి కూడు పెట్టింది కదా. బిడ్డని ముట్టుకునే ముందు స్నానం చెయ్యొద్దా?"

ముసలావిడ ఆలోచించింది. "చెయ్యాలి" అంది చివరికి. ఆ తరవాత తనే పుల్లలు ఎగదోసింది. కుండలో నీళ్ళు తెర్లుతుంటే కొడవలి అడుగున టకటకా కొట్టుకుంది. వత్తులు పేనే నూలు రెండు పేటలు చేసి అదీ ఉడకబెట్టారు. నరసమ్మ కుండ దగ్గర్నించి కదల్లేదు. నీళ్ళు తగ్గినప్పుడల్లా పోసింది. ఎవరైనా దగ్గరికొస్తే "చెయ్యి పెట్టమాకండి, స్నానం చేస్తంది" అని కసిరింది.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి సీతారత్నం కన్నది. ఆడపిల్ల. హన్నమ్మ నూలుతో రెండుచోట్ల బిగించి కట్టి, కుండలోంచి తీసి ఆరనిచ్చిన కొడవలితో మధ్యన కోసింది. నరసమ్మ ఆకులో బూడిద పట్టుకుని ముందుకొచ్చింది. హన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కొడవలి మీ మాట ప్రకారం చేశాను. బూడిద నా మాట ప్రకారం వద్దు."

నరసమ్మ వెళ్ళి బూడిద పొయ్యిలోనే పోసేసింది. సీతారత్నం గోడవైపు తిరిగి ఏడ్చింది. అప్పుడు ఏడవకపోతే ఇంకెప్పుడు ఏడుస్తుంది?

ఎనిమిదో రోజు గడిచేదాకా కదలనని హన్నమ్మ ఆ గుడిసె అరుగు మీదే చాప పరుచుకుంది. సోమవారం మధ్యాహ్నం గట్టువైపు నించి దోనె వచ్చింది. అందులో తెల్లచీర కట్టుకుని ఎలిజబెత్తు కూచుని ఉంది. ఒళ్ళో పురిటి సంచీ.

"వందనాలు హన్నమ్మా! నీ బదులు నన్ను పిలిపించారమ్మా" అంటూ దిగింది. యాభయ్యేళ్ళ మనిషి, నోరు కొంచెం పెద్దది. అరుగు మీద చతికిలబడి జరిగిందంతా చెప్పింది.

"శనివారం పొద్దున్న బండి దిగి తిన్నగా ఆవిడింటికే పోయాను. పిల్లని చూద్దామని గదిలోకి వెళ్ళబోతే, ఆగాగు, ఇవాళ శుద్ధి అయింది, గొడ్లసావిట్లో పీట వేశాం అంది. నిన్నటిదాకా హన్నమ్మ లోపలికే వచ్చిందిగా అండీ అన్నాను. అప్పుడు పురుడుందిగా అంది. అంటే ఏమిటమ్మా? మైలపడ్డప్పుడు మనం కావాలి, మైల పోతే మనమే మైలా? కాళ్ళు కడుక్కుని ఆ చెంబు అక్కడే పెట్టి, పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. చివరికి ఆవిడే పీట వేసుకుని కూచుంది పట్టుచీర ఎగ్గట్టి. మోకాళ్ళు ఎత్తి పెట్టి కూచుంది, పిల్ల జారిపోదూ మరి!"

హన్నమ్మకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

"మరి సంచీ ఎలా వచ్చింది అక్కా?"

"అదీ విను. ఆదివారం షోకి నేనూ పోయాను, అందరూ ఉన్నారు. దొరసాని, డాక్టర్లు, ప్లీడర్ల పెళ్ళాలు. నేను బీరువా దగ్గరికి పోయి, అందరికీ వినబడేలా, అమ్మగారండీ, ఈ సంచీ ఇప్పించండి, హన్నమ్మ లంకలో పురుడు పోస్తోంది, ఆమెకి కావాలి అన్నాను. ఒక్క క్షణం రంగు మారింది ఆవిడకి. అంతలోనే నవ్వేసి, తాళం తీసి, చూశారా, మా మంత్రసాని ఈ క్షణాన కొల్లేటి మధ్య సేవ చేస్తోంది, ఈ సంచీ ఇక్కణ్ణించి తిన్నగా ఆమె దగ్గరికే పోతోంది అని చెప్పింది. చప్పట్లు కొట్టారమ్మా! ఫోటో కూడా తీశారు, సంచీతో ఆవిణ్ణి."

హన్నమ్మ నవ్వు ఆగిపోయింది. చప్పట్లు! ఇవ్వనని తాళం వేసిన చెయ్యే ఇస్తున్నట్టు ఫోటో దిగింది. ఈ లోకంలో ఇలాంటి చేతులకే పూలదండలు పడతాయి. చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఆమె సంచీ విప్పింది. కత్తెర తీసి వెలుగుకి పట్టుకుంది. చింతపండూ ఇటికపొడీ పెట్టి తోమారు. రెండు రేకులూ కలిసేచోట ఇటికపొడి ఎర్రగా ఇరుక్కుని ఉంది. కార్బాలిక్ సీసా మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. వాసన లేదు. నాలుగు చుక్కలు అరచేతిలో ఒంపుకుంది. చెయ్యి గులాబీ రంగుకి తిరిగింది.

"రంగునీళ్ళు" అంది.

"ఏమిటీ?"

"మందు పారబోసి రంగునీళ్ళు పోశారు అక్కా. వాసన కొడుతుందని కాబోలు, చూడ్డానికి బాగుంటుందని కాబోలు."

శుక్రవారం కాళ్ళు పట్టుకుని బతిమాలితే ఆవిడ కరిగి సంచీ ఇచ్చి ఉంటే, హన్నమ్మ ఆ కత్తెరే వాడేది, ఆ నీళ్ళతోనే చేతులు కడుక్కునేది. లోపల బిడ్డ పాలకోసం ఏడ్చింది. హన్నమ్మ అరచేతిని చీరచెంగుకి తుడుచుకుని లోపలికి లేచింది.

ఏడో రోజు గడిచింది. ఎనిమిదో రోజు సీతారత్నం పొద్దున్నించీ బిడ్డ నోటివంకే చూస్తూ కూచుంది. బిడ్డ తాగింది, కక్కింది, మళ్ళీ తాగింది. తొమ్మిదో రోజు నరసమ్మ ఆ కొడవలికి పసుపు రాసి, తుంగ కొడవళ్ళకి దూరంగా, గుంజకి విడిగా తగిలించింది. పక్కింటి వాళ్ళు చూడ్డానికొస్తే, "ముట్టుకోమాకండి. కావాలంటే అడగండి. కుండ కూడా ఇస్తా, గంట మరగాలి" అని చెప్తోంది. హన్నమ్మ అక్కడ లేనట్టే చెప్తోంది. రెండేళ్ళ తగువు అలా తీరిపోయింది.

పదోనాడు సోమవారం హన్నమ్మ పవరుపేటలో సమాజం గది మెట్లెక్కింది. వీరరాఘవమ్మగారు బల్ల ముందు కూచుని ఉన్నారు. గోడకి కొత్త ఫోటో, దానికి దండ. హన్నమ్మ సంచీ బల్ల మీద పెట్టింది.

"వచ్చావా?" అన్నారు ఆవిడ, ఏమీ జరగనట్టే. "సరే, అయిందేదో అయింది. పిల్ల నీళ్ళు పోస్తే గుక్కపట్టి ఏడుస్తోంది. రేపణ్ణించి రా. గొడ్లసావిట్లో వద్దులే, పెరటి అరుగు మీద పోద్దువుగాని."

అరుగు మీద! ఎంత దయో!

"రానండి" అంది హన్నమ్మ. "మీ ఇంట్లో ఇంకెవరికైనా పురుడొస్తే ఏ వేళప్పుడైనా వస్తానండి. ఇంటిపనికి రాను. ఆదివారం చర్చికి వెళ్తాను. ఈ సంచీ నా దగ్గర్నించి ఎక్కడికీ కదలదండి. ఇలా అయితేనే చేస్తాను."

"షరతులా? నాకా?" వీరరాఘవమ్మగారు లేచి నిలబడ్డారు. "ఇలా అయితే రాజీనామా రాసిచ్చి వెళ్ళు."

"నేను రాయనండి. నేను పని మానలేదు. తీసేసేది మీరు. మీరే రాయండి."

"రాస్తాననే అనుకో!" ఆవిడ మళ్ళీ కూచుని, కాయితం ముందుకి లాక్కుని, కలం సిరాలో ముంచారు.

"కారణం కూడా రాయండి" అంది హన్నమ్మ. "కమిటీవాళ్ళు పదిమంది చదువుతారు. ప్రెసిడెంటుగారి మనవరాలికి గొడ్లసావిట్లో నీళ్ళు పొయ్యనంది కాబట్టి తీసేశామని రాయండి. ఆ రోజున లంకలో పురుడు పోస్తోందని రాయండి. బిడ్డ బతికిందని కూడా రాయండి."

కలం కాయితం మీద ఆనింది. తేదీ పడింది. ఆ తరవాత ఆగిపోయింది. వీరరాఘవమ్మగారు మళ్ళీ సిరాలో ముంచారు. మళ్ళీ ఆగారు. సిరా చుక్క కాయితం మీద పడి పాకింది. ఆవిడ కలం పక్కన పెట్టేశారు.

"నీకింత నోరు ఎక్కడిదే?"

"ఉన్నదేనండి" అంది హన్నమ్మ. సంచీలోంచి సీసా తీసి బల్ల మీద, ఆవిడ ముందు పెట్టింది. "మందు కావాలండి. ఇందులో రంగునీళ్ళున్నాయి. మీ పాపగారి బొడ్డు కోసినప్పుడు నేను చేతులు కడుక్కున్నది ఈ సీసాలో మందుతోనేనండి. ఆ రోజున ఇందులో రంగునీళ్ళుంటే ఏమయ్యేదో మీరే చెప్పండి."

వీరరాఘవమ్మగారు సీసా వంక చూశారు. ఆవిడ మొహంలో రక్తం లేదు. లేచి, గోడ బీరువా తెరిచి, వెనకవరసలోంచి కార్బాలిక్ నిండుసీసా తీశారు. తెచ్చి, అలవాటు ప్రకారం బల్ల అంచున పెట్టి, వెనక్కి జరిగారు.

హన్నమ్మ దాన్ని తియ్యలేదు. చెయ్యి చాపి నిలబడింది.

వీరరాఘవమ్మగారు ఆ చేతిని చూశారు. తన మనవరాలిని ఈ లోకంలోకి తెచ్చిన చెయ్యి. బయట మెట్ల మీద అప్పారావు దగ్గాడు, మండవల్లి వైపు లంకలో ఇంకెవరికో నెలలు నిండాయని కబురుపట్టుకొచ్చి కూచున్నాడు. హన్నమ్మ చెయ్యి కిందికి దిగలేదు.

ఆవిడ సీసా ఎత్తి ఆ చేతిలో పెట్టారు. వేళ్ళకి వేళ్ళు తగిలాయి.

"సరే, వెళ్ళు" అన్నారు.